రేడియోలో మోత, చేతికి అర సెంటు: జిప్సీ అండ్ ద క్యాట్ ఆరేళ్లలో ఎందుకు ఆగిపోయింది

2010లో మెల్‌బోర్న్ నుంచి ఇద్దరు కుర్రాళ్ల బ్యాండ్ ఒకటి వచ్చింది. జేవియర్ బకాష్, లయనెల్ టవర్స్. ఇద్దరూ అంతకుముందు డీజేలు. బ్యాండ్ పేరు జిప్సీ అండ్ ద క్యాట్. మొదటి ఆల్బమ్ ఆ ఏడాదే వచ్చింది, రెండోది 2012లో, మూడోది 2016లో. మూడో ఆల్బమ్ వచ్చిన ఏడాదే బ్యాండ్ కూడా ముగిసింది.

ఏ బ్యాండ్ విడిపోయినా అభిమానులు ముందు గొడవ కోసం వెతుకుతారు. ఎవరికి ఎవరితో పడలేదు, డబ్బు ఎవరు తిన్నారు అని. ఆ కోణం పక్కన పెట్టి, అదే కాలంలో అదే దేశంలో పుట్టిన బ్యాండ్లను వరసగా పెట్టి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. మొదటి ఆల్బమ్‌కు రేడియోలో మోత, వెంటనే విదేశీ ఒప్పందం, రెండో ఆల్బమ్ దగ్గర తడబాటు, ఆ తర్వాత వీడ్కోలు. ఇంతమంది మనస్తత్వాలు ఒకేలా ఉండవు కదా. ఒకేలా ఉన్నది వాళ్లు నడిచిన దారి.

క్లుప్తంగా: ల్యాప్‌టాప్ పుణ్యమా అని పాట తయారీ చవకైంది. కానీ ఆ పాటను ఊరూరా మోసుకెళ్లే ఖర్చు మాత్రం తగ్గలేదు. పేరు తెచ్చిపెట్టే ప్రభుత్వ రేడియో నుంచి రికార్డింగ్‌కు వచ్చే డబ్బు చట్టం ప్రకారమే నామమాత్రం. విదేశీ లేబుల్, అంటే రికార్డు కంపెనీ, ఇచ్చే సొమ్ము లెక్కల్లో అప్పు కిందకే వస్తుంది. ఈ మూడూ కలిసి పీక నొక్కేది సరిగ్గా మొదటి, రెండో ఆల్బమ్‌ల మధ్య.

ఇంటి ధర వాయిద్యం నుంచి ఇంట్లోని ల్యాప్‌టాప్ దాకా

జిప్సీ అండ్ ద క్యాట్‌ది సింథ్-పాప్, అంటే సింథసైజర్ (సింథ్) అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు శబ్దాల మీద నడిచే పాప్ సంగీతం. ఆ పేరు అనగానే బ్రిటన్, జర్మనీ గుర్తొస్తాయి. ఈ సంగీతం ముఖచిత్రాన్ని మార్చిన యంత్రం మాత్రం సిడ్నీలో తయారైంది. కిమ్ రైరీ, పీటర్ వోగెల్ అనే ఇద్దరు 1979లో ఫెయిర్‌లైట్ సీఎంఐ అనే కంప్యూటర్ వాయిద్యాన్ని మార్కెట్లోకి తెచ్చారు. బయటి శబ్దం ఏదైనా సరే, గ్లాసు పగిలిన చప్పుడైనా, కుక్క అరుపైనా, రికార్డు చేసి కీబోర్డు మెట్ల మీద స్వరాలుగా వాయించే వీలు కల్పించిన తొలి యంత్రాల్లో అదొకటి. సిడ్నీ హార్బర్‌లో తిరిగిన ఒక ఫెర్రీ పేరే దానికి పెట్టారు. దాని ధరను అప్పట్లో ఇంటి ధరతో పోల్చేవాళ్లు. అందుకే అది బ్రిటిష్ గాయకులు పీటర్ గాబ్రియేల్, కేట్ బుష్ లాంటి పెద్దవాళ్ల స్టూడియోలకే చేరింది. ఆస్ట్రేలియాలోనే ఐస్‌హౌస్, రియల్ లైఫ్, స్యూడో ఎకో లాంటి బ్యాండ్లు ఎనభైల్లో ఈ తరహా సంగీతంతో పేరు తెచ్చుకున్నాయి. అప్పట్లో అంత శబ్దం పలికించాలంటే పెద్ద లేబుల్ అండ ఉండాల్సిందే.

2000ల చివరికి వచ్చేసరికి ఆ ఎనభైల శబ్దాలన్నీ సాఫ్ట్‌వేర్ రూపంలో ల్యాప్‌టాప్‌లోకి దిగాయి. జిప్సీ అండ్ ద క్యాట్ తొలి ఆల్బమ్ 'గిల్గమేష్' ఆ వాతావరణంలో పుట్టింది. పాటలు ఇద్దరూ కలిసి కట్టుకున్నారు. మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను కలిపి తూచే పని, మాత్రం అమెరికన్ ఇంజనీర్లు డేవ్ ఫ్రిడ్‌మన్, రిచ్ కాస్టీ చేతికి వెళ్లింది. వీరిలో ఫ్రిడ్‌మన్ ఎంజీఎంటీ అనే అమెరికన్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌కు నిర్మాత. అప్పటి ఇండీ (పెద్ద కంపెనీల మూసకు బయట పుట్టే) సింథ్-పాప్‌కు ఆ ఆల్బమే కొలబద్ద అనుకుంటే, ఇది లెక్క చూసుకుని చేసిన ఎంపికే.

ఈ పాటల అల్లిక ఒకసారి దగ్గర నుంచి చూడాలి. అడుగున డ్రమ్స్, బేస్. వాటి మీద ఒకే కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాల గుత్తిని) విడి విడి స్వరాలుగా విరిచి గిరగిరా తిప్పే సింథ్ వరస. దాని వెనక పొగమంచులా పరుచుకునే మరో సింథ్. ఆపైన గిటార్. గొంతు ఒక్కటే అయినా దాన్నే నాలుగైదు సార్లు పాడి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. విన్నప్పుడు పదిమంది వాయిస్తున్నట్టు ఉంటుంది. చేసింది ఇద్దరు. స్టూడియోలో ఇది వరం. స్టేజీ ఎక్కేసరికి ఇదే భారం. ఆ సంగతి కాసేపట్లో.

అసలు ఇలాంటి సంగీతం కోసం లేబుళ్లు అప్పుడే ఎందుకు ఎగబడ్డాయంటే కారణం 2008. ఆ ఏడాది కట్ కాపీ అనే బ్యాండ్ ఆల్బమ్ 'ఇన్ గోస్ట్ కలర్స్' ఆస్ట్రేలియా చార్టులో నేరుగా మొదటి స్థానంలోకి దిగింది. ద ప్రిసెట్స్ అనే మరో బ్యాండ్ ఆల్బమ్ 'అపోకలిప్సో'కు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా ఏరియా అవార్డు (ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చేది) దక్కింది. మరుసటి ఏడాది అదే అవార్డు ఎంపైర్ ఆఫ్ ద సన్ అనే బ్యాండ్‌కు వెళ్లింది. వీటిలో మొదటి రెండూ సిడ్నీకి చెందిన మాడ్యులర్ అనే ఒకే లేబుల్ బ్యాండ్లు. ఒక సినిమా ఆడితే అదే ఫార్ములాతో పది సినిమాలు మొదలవడం మనకు తెలియనిది కాదు. అక్కడా అదే జరిగింది.

ట్రిపుల్ జె: పేరు ఇచ్చేది ఇదే, డబ్బు ఇవ్వనిదీ ఇదే

ఆస్ట్రేలియాలో కొత్త బ్యాండ్ జాతకం తేల్చే రేడియో ఒకటి ఉంది. ట్రిపుల్ జె. ఇది ప్రభుత్వ నిధులతో నడిచే ఏబీసీ సంస్థ యువజన కేంద్రం. మన ఆకాశవాణిలో కుర్రకారు కోసం ఒక దేశవ్యాప్త స్టేషన్ పెట్టి, ప్రకటనలు పూర్తిగా తీసేసి, ఎవరూ వినని కొత్త పాటలే వెయ్యండని చెప్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. 1975లో సిడ్నీలో డబుల్ జె పేరుతో మొదలై, 1980లో ఎఫ్ఎంలోకి మారి, 1989 నుంచి మిగతా నగరాలకు, ఆ తర్వాత పల్లెలకు విస్తరించింది. వాణిజ్య రేడియోలు తప్పనిసరిగా వేయాల్సిన స్వదేశీ సంగీతం కోటా ఎంత ఎక్కువైనా 25 శాతమే. ట్రిపుల్ జె తనకు తాను పెట్టుకున్న లక్ష్యం కనీసం 40 శాతం.

అన్ఎర్త్‌డ్ పేరుతో 1995 నుంచి ఈ స్టేషన్ కొత్తవాళ్లను వెతుకుతోంది. 2008 నుంచి హైస్కూలు పిల్లల బ్యాండ్లకు విడిగా పోటీ పెడుతోంది. ఏటా శ్రోతల ఓట్లతో హాటెస్ట్ 100 అనే జాబితా వేస్తుంది. జనవరిలో ఆ లెక్కింపు ప్రసారమయ్యే రోజున అక్కడ ఇళ్లల్లో, పెరట్లో రేడియో పెట్టుకుని వినడం ఒక పండగ. లేబుల్ లేని బ్యాండ్ పాట ఈ స్టేషన్‌లో పడిందంటే వారంలో దేశమంతా తెలిసిపోతుంది. జిప్సీ అండ్ ద క్యాట్ తొలి పాటలు 'జోనా వార్క్', 'టైమ్ టు వాండర్' జనంలోకి వెళ్లింది ఈ దారినే.

మరి అంతగా మోగిన పాటకు డబ్బు ఎంత వస్తుంది? సామాన్య పాఠకుడికి అంతుబట్టనిది ఇక్కడే ఉంది. రేడియోలో ఒక పాట వేస్తే రెండు హక్కులకు చెల్లింపు జరగాలి. ఒకటి పాట రాసి కట్టినవాళ్లది. రెండోది ఆ రికార్డింగ్‌ది, అంటే పాడి వాయించినవాళ్లదీ లేబుల్‌దీ. మొదటి దానికి ఆప్రా అనే సంఘం బేరమాడి వసూలు చేస్తుంది. రెండో దానికి మాత్రం 1968 నాటి కాపీరైట్ చట్టం గట్టి మూత బిగించింది. వాణిజ్య రేడియో తన స్థూల ఆదాయంలో 1 శాతం మించి ఇవ్వక్కర్లేదు. ఏబీసీ అయితే ఏడాదికి తలకు అర సెంటు (సెంటు అంటే డాలర్‌లో నూరో వంతు) మించి ఇవ్వక్కర్లేదు.

తలకు అంటే దేశ జనాభాలో ఒక్కొక్కరికి. 2011లో ఆస్ట్రేలియా జనాభా సుమారు 2.2 కోట్లు. అర సెంటు చొప్పున లెక్కేస్తే ఏడాదికి దాదాపు 1,10,000 డాలర్లు. ఇది ఒక బ్యాండ్‌కు కాదు, ఒక స్టేషన్‌కూ కాదు. ఏబీసీ రేడియోలన్నీ ఏడాది పొడవునా వేసిన రికార్డింగులన్నిటికీ కలిపి. దాన్ని లేబుళ్లూ కళాకారులూ పంచుకోవాలి. ఒక బ్యాండ్ వాటాకు వచ్చేసరికి అది టీ ఖర్చు. చట్టం రాసినప్పుడు ఉన్న ఆ అర సెంటును ద్రవ్యోల్బణానికి తగ్గట్టు కూడా సవరించలేదు.

అందుకే అక్కడ సొంతంగా పాటలు కట్టుకోని గాయకుడి పని మరీ కష్టం. బకాష్, టవర్స్ తమ పాటలు తామే కట్టుకున్నారు కాబట్టి ఆప్రా వైపు నుంచి కొంత వచ్చేది. అయినా అది సంసారం నడిచేంత కాదని అక్కడి ఇండీ సంగీతకారుల్లో చాలామంది చేసే పగటి ఉద్యోగాలను చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి రేడియోలో హిట్టయిన మరుక్షణం అందరూ చూసేది విమానం వైపే.

లండన్ సంతకం

ఆస్ట్రేలియా మొత్తం జనాభా ఒక్క తెలంగాణ జనాభా కన్నా తక్కువ. 2011 లెక్కల్లో తెలంగాణ ప్రాంతం 3.5 కోట్లు. ఆ కాస్త జనం మళ్లీ ఒక ఖండమంతా చెల్లాచెదురుగా ఉన్నారు. అందులో ఇండీ సింథ్-పాప్ వినేవాళ్లు ఎంతమంది? ఆ సంఖ్య మీద ఇద్దరు మనుషులు బతకలేరు. జిప్సీ అండ్ ద క్యాట్ సోనీ గొడుగు కింద బ్రిటన్ లేబుల్‌తో ఒప్పందం చేసుకుని లండన్‌కు మకాం మార్చింది.

పెద్ద లేబుల్‌తో సంతకం అంటే బయటికి లాటరీ తగిలినట్టు కనిపిస్తుంది. నిజానికి చేతికొచ్చే అడ్వాన్స్ లేబుల్ పద్దులో అప్పు. రికార్డింగ్, మిక్సింగ్, వీడియో ఖర్చులో భాగం, టూర్లకు ఇచ్చే మద్దతు కూడా సాధారణంగా అదే పద్దులో చేరతాయి. ఆ అప్పును కళాకారుల వాటాలోంచి మాత్రమే జమ కడతారు. అసలు తిరకాసు అదే.

ఒక ఊహాలెక్క చూద్దాం. ఇది ఈ బ్యాండ్ ఒప్పందం కాదు, పద్ధతి అర్థం కావడానికే. మొత్తం పద్దు 2 లక్షల పౌండ్లు అనుకుందాం. కళాకారుల వాటా 18 శాతం, ఆల్బమ్ ధర 8 పౌండ్లు. ఒక్కో ఆల్బమ్ అమ్మితే జమయ్యేది 1.44 పౌండ్లు. అప్పు తీరడానికి దాదాపు 1,39,000 ఆల్బమ్‌లు అమ్ముడవాలి. ఆస్ట్రేలియాలో 35,000 అమ్మితే గోల్డ్, 70,000 అమ్మితే ప్లాటినమ్. అంటే డబుల్ ప్లాటినమ్ దరిదాపుల్లోకి వెళ్లే దాకా బ్యాండ్‌కు అమ్మకాల మీద ఒక్క పౌండ్ రాదు. ఈలోపు లేబుల్‌కు తన వాటా వస్తూనే ఉంటుంది. ఇది మోసమేమీ కాదు, ఒప్పందంలో రాసి ఉండేదే. పది బ్యాండ్ల మీద పెట్టుబడి పెట్టి ఒకదానితో గట్టెక్కే వ్యాపారం అది. అయితే మిగతా తొమ్మిదింట్లో ఒకటిగా మిగిలినవాళ్లకు రెండో ఆల్బమ్ వేళకు తమ ఫోన్ ఎత్తే మనిషి కూడా లేబుల్‌లో ఉండకపోవచ్చు.

జిప్సీ అండ్ ద క్యాట్ రెండో ఆల్బమ్ 'ద లేట్ బ్లూ' సొంత లేబుల్ మీద వచ్చింది. శబ్దం కూడా మారింది. తొలి ఆల్బమ్‌లోని మెరిసే సింథ్ కాస్త వెనక్కి జరిగి, అరవైల నాటి సైకెడెలిక్ (మత్తులో తేలినట్టుండే) రాక్ ఛాయలు ముందుకొచ్చాయి. సంగీతపరంగా దీన్ని ఎదుగుదల అనొచ్చు. వ్యాపారపరంగా చూస్తే, పెద్ద లేబుల్ ప్రచారం వదులుకున్న సమయంలోనే తొలి శ్రోతలు అలవాటుపడ్డ శబ్దాన్నీ వదులుకోవడం. రెండు సాహసాలు ఒకేసారి.

స్టేజీ మీద ఎంతమంది?

ఇద్దరు చేసిన, పదిమందిలా వినిపించే పాటను స్టేజీ మీద ఎలా పలికించాలి? రెండే మార్గాలు. మనుషుల్ని పెంచుకోవాలి, లేదా ల్యాప్‌టాప్ మీద ఆధారపడాలి. చాలా బ్యాండ్లు రెండూ కలిపి చేస్తాయి. డ్రమ్మర్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. అందులో టక్ టక్ మని తాళం వినిపిస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే సింథ్ వరసకూ డ్రమ్స్‌కూ ఆ టక్ టక్ ఒక్కటే వంతెన. చెవిలోంచి ఆ ఇయర్‌ఫోన్ జారిందా, రెండు లైన్లలోపే పాట రెండుగా చీలిపోతుంది. ఏ పాటను ఎంతసేపు సాగదీయాలో, జనం ఊపును బట్టి ఎక్కడ ఆపాలో తేల్చేది అప్పుడు వాయించేవాడు కాదు, యంత్రం. మనుషుల్ని పెంచుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుంది.

ఆ ఖర్చు ఆస్ట్రేలియాలో మామూలుది కాదు. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి రోడ్డు మీద దాదాపు 880 కిలోమీటర్లు. అడిలైడ్‌కు 700 పైచిలుకు. అక్కడి నుంచి పెర్త్‌కు మరో 2,700. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,550 చిల్లర అని గుర్తుంచుకుంటే ఈ దూరం అర్థమవుతుంది. దారిలో కచేరీ పెట్టుకునేంత ఊళ్లూ ఉండవు. కాబట్టి విమానమే గతి. అయిదుగురు మనుషులు, ఒక సౌండ్ ఇంజనీర్, కీబోర్డు పెట్టెలకు అదనపు లగేజీ రుసుం, హోటల్ గదులు. అయిదారు నగరాలు తిరిగితే దేశం అయిపోయింది. మళ్లీ అదే టూర్ వెంటనే వేస్తే హాలు నిండదు. బ్రిటన్‌లో బ్యాండ్ ఒక వ్యాన్ వేసుకుని మూడు వారాలు ఊరికో కచేరీ చేయగలదు. అక్కడ వ్యాన్‌తో అయ్యే పనికి ఇక్కడ విమానం కావాలి.

ద ప్రిసెట్స్‌తో పోలిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సిడ్నీ కన్జర్వేటోరియం అనే సంగీత కళాశాలలో కలిసి చదువుకున్న జూలియన్ హామిల్టన్, కిమ్ మోయెస్ ఆ బ్యాండ్. స్టేజీ మీద కూడా వాళ్లిద్దరే. ఒకరు పాడుతూ కీబోర్డు, మరొకరు డ్రమ్స్. సంగీతమే క్లబ్బుకు తగ్గట్టు కట్టింది కాబట్టి ఆ ఇద్దరితో సరిపోతుంది. కట్ కాపీది ఇంకో దారి. దాన్ని మొదలుపెట్టిన డాన్ విట్‌ఫర్డ్ గ్రాఫిక్ డిజైనర్, డీజే కూడా. ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ మధ్య బండి నడవడానికి వేరే పని ఉంది. మెలోడీ మీద, పేర్చిన గొంతుల మీద నిలబడ్డ జిప్సీ అండ్ ద క్యాట్ లాంటి బ్యాండ్‌కు ద ప్రిసెట్స్‌లా ఇద్దరితోనే స్టేజీ నడిపే వెసులుబాటు లేదు. డీజే పని తెలిసినా, వాళ్ల పాటలు అర్ధరాత్రి డ్యాన్స్ ఫ్లోర్ కోసం కట్టినవి కావు.

2012: కాలం కూడా కలిసి రాలేదు

ఇది పట్టించుకోవాల్సిన మరో అంశం, అయితే దీన్నే అసలు కారణం అనుకోవడం పొరపాటు. 2010 చివర్లో ఆస్ట్రేలియా డాలర్ విలువ అమెరికా డాలర్‌తో సమానమైంది. 2011లో దాన్ని దాటి 1.10 దాకా పోయింది. 2013 దాకా ఇంచుమించు అదే ఎత్తులో ఉంది. విదేశాల్లో సంపాదించిన పౌండ్లు, డాలర్లు ఇంటికి తెస్తే చేతికి తక్కువ వచ్చేవి. మరోపక్క అమెరికన్, బ్రిటిష్ బ్యాండ్లను పిలిపించడం అక్కడి ఫెస్టివల్ నిర్వాహకులకు చవకైంది. పోస్టర్ మీద పైవరస అంతా విదేశీ పేర్లతో నిండిపోతే, స్థానిక బ్యాండ్ మధ్యాహ్నం ఎండలో అరగంట స్లాట్‌తో సరిపెట్టుకోవాలి. ఆ తర్వాత ఫెస్టివల్‌లే కూలడం మొదలైంది. బిగ్ డే ఔట్ 2014తో ఆగింది, ఫ్యూచర్ మ్యూజిక్ 2015తో.

ఇంకో మార్పు 2012 మే నెలలో స్పాటిఫై ఆస్ట్రేలియాకు రావడం. తొలి ఆల్బమ్ డౌన్‌లోడ్‌ల కాలంలో వచ్చింది, పాట కొంటే డబ్బు వెంటనే వచ్చేది. రెండోది స్ట్రీమింగ్ గుమ్మంలో నిలబడి వచ్చింది. అదే సమయంలో పక్క వీధిలోంచే అన్నట్టు మెల్‌బోర్న్‌కే చెందిన గాట్యే అనే గాయకుడి పాట 2012 ఏప్రిల్‌లో అమెరికా చార్టులో మొదటి స్థానానికి చేరి ఎనిమిది వారాలు కూర్చుంది. అదే నగరం, అదే ట్రిపుల్ జె ఊపు. ఇలాంటి విజయం ఒకటి ఉండటం వల్ల మిగతావాళ్లకు దారి సులువనిపించింది గానీ సులువేమీ కాలేదు.

అయిదుగురి బ్యాండ్, ఇద్దరి బ్యాండ్

ఇదే దారిలో ఇంకా వేగంగా నడిచిన బ్యాండ్ స్నాకడాక్టల్. ఇదీ మెల్‌బోర్న్‌దే. సింథ్ కన్నా గిటార్ పాలు ఎక్కువ, కలలో తేలినట్టుండే పాప్. హైస్కూలు వయసు పిల్లలు అయిదుగురు కలిసి పెట్టుకున్నారు. 2011లో ట్రిపుల్ జె స్కూలు పోటీ గెలిచారు. వాళ్ల పాట 'ఎయిర్' ఆ ఏటి హాటెస్ట్ 100లో 22వ స్థానం తెచ్చుకుంది. 2013లో ఒకే ఒక్క ఆల్బమ్. 2014 మార్చిలో బ్యాండ్ రద్దు. బడి అయిపోయిన ఏడాది నుంచి ఇరవై దాటే వరకు గడిచే కాలం అది. ఆ వయసులో ఒకరు కాలేజీ అంటారు, ఒకరు వేరే సంగీతం అంటారు. అయిదుగురిని ఒకచోట కట్టిపడేసేంత ఆదాయం ఉంటే తప్ప ఆ ముడి నిలవదు.

ఈ రెండు బ్యాండ్లనూ పక్కపక్కన పెడితే, ఇద్దరే ఉన్న బ్యాండ్ ఎక్కువ కాలం నడిచింది. వచ్చిన దాన్ని రెండు వాటాలు వేయడం, అయిదు వాటాలు వేయడం ఒకటి కాదు. రికార్డింగ్ గదిలో నిర్ణయాలూ అంతే. దాన్నిబట్టి బ్యాండ్ చిన్నదైతే చిరకాలం ఉంటుందని సూత్రం రాయలేం. ఎంపైర్ ఆఫ్ ద సన్‌లోనూ ఇద్దరే, అయినా పేరు పతాకస్థాయిలో ఉన్న రోజుల్లో నిక్ లిటిల్‌మోర్ టూర్లకు దూరంగా ఉండి సర్క్ డు సొలే అనే సర్కస్ సంస్థ ప్రదర్శనకు సంగీతం కట్టుకుంటూ ఉంటే, ల్యూక్ స్టీల్ తలపాగా కిరీటంతో ఒక్కడే స్టేజీ మోశాడు. ఆ బ్యాండ్ తట్టుకుంది, ఎందుకంటే అప్పటికి దాని పాటలు విదేశాల్లోనూ డబ్బు తెస్తున్నాయి.

స్నాకడాక్టల్ చెదిరాక వాళ్లలో ఇద్దరు మళ్లీ కలిశారు. గిటార్లు తగ్గించి, సింథ్, బేస్, ఒక గొంతు అన్నట్టుగా మెల్లగా సాగే పాటలు కట్టి 2019లో తొలి ఆల్బమ్ తెచ్చారు. ఆ కొత్త బ్యాండ్‌కు పెట్టుకున్న పేరు టూ పీపుల్.